తంబి నాయుడు: కాగితాలను కాల్చిన తరంలో ఒక వంశం

మన పూర్వికుల కోసం వెతకనారంభించినప్పుడు మనం ముందుగా ఆశ్రయించేది కాగితాన్నే. ఓడ పేరు, ఓడ దిగిన తేదీ, కూలీ సంఖ్య, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటి మీది గుర్తులు: ఒక గుమాస్తా ఇవన్నీ ఒకే వరుసలో రాసి పెట్టాడు. ఆ వరుస దొరికిన రోజున మన ఇంట పండుగ వాతావరణం ఉంటుంది. దొరకకపోతే వంశం నడుమనే తెగిపోయినట్లు దిగులు కలుగుతుంది.

కానీ ఆ కాగితాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని మనం అరుదుగానే అడుగుతాం. ఆ ప్రశ్నను అడిగిన తరం ఒకటి ఉంది. అడగడమే కాదు, తమ పేర్లు ఉన్న కాగితాలను నలుగురి ఎదుట నిప్పులో వేసింది. ఆ తరానికి ముందు నిలిచినవారిలో ఒకరు తంబి నాయుడు. ఆయన జీవితాన్ని, ఆయన సంతానం నడిచిన దారిని ఇక్కడ చెప్పుకుందాం. వంశవృక్షం కోసం వెతుకుతున్న మనకు ఆ కథలో పాఠం ఉంది.

పేరులో దాగిన ప్రయాణం

ఆయన పూర్తి పేరు గోవిందస్వామి కృష్ణస్వామి తంబి నాయుడు. 1875లో మారిషస్ దీవిలో జన్మించారు. తల్లిదండ్రులు మద్రాసు రాజధాని నుండి ఆ దీవికి వలస వెళ్ళినవారు. మద్రాసు రాజధాని అంటే ఒక్క నగరం కాదు. నేటి తమిళనాడులో అత్యధిక భాగం, కోస్తా ఆంధ్ర, రాయలసీమ, మరికొన్ని ప్రాంతాలు కలిసిన పెద్ద పాలనా విభాగం అది. కనుక పాత పత్రంలో మద్రాసు అని ఉన్నంత మాత్రాన ఆ మనిషి మద్రాసు నగరవాసి అని గానీ, తమిళుడే అని గానీ మనం తీర్పు చెప్పలేము.

ఆయన పేరునే చూడండి. తంబి అనేది తమిళ పదం. తెలుగులో తమ్ముడు అని అర్థం. నాయుడు అనేది తెలుగు నేలలో పుట్టిన గౌరవ నామం. విజయనగర కాలం నుండి తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ నామాన్ని ధరించాయి. తరాలు గడిచేకొద్దీ కొన్ని ఇళ్ళలో తెలుగు నిలిచింది, కొన్నింటిలో తమిళం ఇంటి భాష అయింది, మరికొన్నింటిలో రెండూ కలిసి బతికాయి. అటువంటి రెండు మాటలూ ఈ ఒక్క పేరులో పక్కపక్కనే కూర్చున్నాయి.

గాంధీ ఆయనను తమిళుడనే పేర్కొన్నారు. జొహానెస్‌బర్గులోని తమిళ సంఘానికి ఆయన అధ్యక్షుడు కూడా. అయితే ఆయన భాషల గురించి గాంధీ రాసిన మాట మనకు ముఖ్యం. తంబి నాయుడు బడిలో పెద్దగా చదువుకోలేదు. ఆంగ్లం, తమిళం స్వయంకృషితో నేర్చుకున్నారు. మారిషస్ క్రియోల్ భాష బాగా వచ్చు. హిందుస్తానీ అర్థమయ్యేది, తెలుగు కొంత తెలుసు. కానీ ఆ రెండు భాషల అక్షరాలు ఆయనకు రావు. చెవితో విన్న తెలుగు, అక్షరం లేని తెలుగు! అమ్మమ్మ నోట విన్న నాలుగు మాటలతో ఈ పుట చదువుతున్న మనలో చాలామంది స్థితి అదే కదా. అక్షరం రానంత మాత్రాన ఆ భాష మనది కాకుండా పోదని ఆయన జీవితం మనకు ధైర్యం చెబుతున్నది.

ఓడల పట్టికలో లేని పేరు

దక్షిణాఫ్రికాలో పూర్వికులున్నవారు మొదట తెరిచేవి నాటాల్ ఓడల పట్టికలు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. అప్పటి నుండి 1911 వరకు గిర్మిటు మీద, అంటే అయిదేళ్ళ ఒప్పందం మీద, 152,184 మంది భారతీయులు నాటాలుకు వచ్చారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. చెరకు తోటలలో, రైలు మార్గాలలో, బొగ్గు గనులలో పనిచేసిన వారి పేర్లు ఆ పట్టికలలో ఉన్నాయి.

తంబి నాయుడు పేరు కోసం ఆ పట్టికలు వెతకడం వృథా. ఆయన గిర్మిటు కూలీగా నాటాలుకు రాలేదు. 1889లో, పద్నాలుగేళ్ళ ప్రాయంలో, మారిషస్ నుండి దక్షిణాఫ్రికాకు వచ్చారు. బంగారు గనులతో పెరుగుతున్న జొహానెస్‌బర్గులో స్థిరపడి, బండ్ల మీద సరుకు చేరవేసే గుత్త వ్యాపారం చేశారు. సొంత ఖర్చుతో వచ్చిన అటువంటివారు కూలీ పట్టికకు ఎక్కరు.

ఇక్కడ మన వెతుకులాటకు మొదటి పాఠం దొరుకుతుంది. ఒక పట్టికలో పేరు లేకపోతే ఆ మనిషి లేడని కాదు. మరొక దారిన వచ్చాడని కావచ్చు. భారతదేశం నుండి నేరుగా వచ్చారని అనుకున్న కుటుంబం నడుమ ఒక తరం మారిషస్‌లో గడిపి ఉండవచ్చు. మారిషస్ వలస పత్రాలు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. నాటాలులో మూసుకున్న తలుపు అక్కడ తెరుచుకోవచ్చు.

పేర్ల రూపం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆనాటి పత్రికలలో ఆయన సి.కె. తంబి నాయుడుగా కూడా కనిపిస్తారు. గుమాస్తాలు తమ చెవికి సోకినట్లు రాశారు. అప్పలస్వామి, సన్యాసి, వెంకటస్వామి వంటి పేర్లు ఫ్రెంచి, ఆంగ్ల లిపులలో పడి గుర్తుపట్టలేనంతగా మారాయి. మనకు ముందు ఉండవలసిన ఇంటిపేరు జారిపోయి, కులాన్ని సూచించే నామమే చివర ఇంటిపేరై కూర్చుంది. అందువల్లనే ఒకరితో ఒకరికి ఏ బంధుత్వమూ లేని వేలాది కుటుంబాలు నేడు నాయుడు అనే ఒకే పేరు కింద ఉన్నాయి.

వేలిముద్రల చట్టం

1907లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసుల నమోదు చట్టాన్ని తెచ్చింది. భారతీయుడు, చైనీయుడు ప్రతి ఒక్కరూ కార్యాలయానికి వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి, పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలి, ఆ పత్రాన్ని వెంట ఉంచుకోవాలి, పోలీసు అడిగిన చోట చూపాలి. లేకుంటే జరిమానా, చెరసాల, దేశ బహిష్కారం. మనవారు దానిని నల్ల చట్టమని పిలిచారు.

గమనించండి: ఆ పత్రంలో ఉన్నవి పేరు, కుటుంబం, గుర్తులు. నేడు మనం ఎంతో ఆశతో వెతికే వివరాలే. కానీ అవి ఒక వంశాన్ని గుర్తుంచుకోవడానికి కాదు, ఒక జాతిని కట్టడి చేయడానికి సేకరించినవి. తంబి నాయుడు తరం ఎదిరించింది ఆ ఉద్దేశాన్ని.

నమోదు కార్యాలయాలకు ఎవరూ పోవద్దని నచ్చజెప్పే కార్యకర్తలకు జొహానెస్‌బర్గులో ఆయన నాయకుడయ్యారు. ట్రాన్స్‌వాల్‌లో ఉన్న సుమారు 13,000 మంది భారతీయులలో 500 మంది మాత్రమే గడువులోపల నమోదయ్యారు. 1907 డిసెంబరు చివర గాంధీతో పాటు ఆయనకూ న్యాయస్థానం నుండి పిలుపు వచ్చింది. 1908 జనవరిలో ఇద్దరూ చెరసాలలో ఉన్నారు. చట్టాన్ని తమకు వర్తింపజేయకపోతే స్వచ్ఛందంగా నమోదవుతామని జనరల్ స్మట్స్‌కు చెరసాల నుండి వెళ్ళిన లేఖ మీద మూడు సంతకాలున్నాయి: గాంధీది, చైనీయుల నాయకుడు ల్యూంగ్ క్విన్‌ది, తంబి నాయుడుది.

ఫిబ్రవరి 10న, ఒప్పందం ప్రకారం నమోదుకు వెళుతున్న గాంధీపై దారిలో దాడి జరిగింది. ఇది లొంగుబాటని కోపించిన మనవారే కొట్టారు. పక్కనే ఉన్న తంబి నాయుడు దెబ్బలకు అడ్డుపడి తానూ గాయపడ్డారు. మాట నిలబెట్టుకోవడం కోసం ఇష్టపడి నమోదు చేయించుకున్నవారికి ఆ మాటకు బదులు దక్కలేదు. చట్టం రద్దు కాలేదు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులోని హమీదియా మసీదు ఆవరణలో సభ కూడింది. ఒక పెద్ద పాత్రలో రెండు వేలకు పైగా నమోదు పత్రాలు వేసి, కిరోసిను పోసి, నిప్పు పెట్టారు.

కాగితం కోసం తపించే మనకు ఆ మంట ఒక విచిత్రమైన వారసత్వం. ఆ బూడిదలో ఎన్నో కుటుంబాల వివరాలు కలిసిపోయాయి. అయినా ఆ పని చేసినవారిని మనం తప్పుపట్టలేము. తమ మనుమలు తమను వేలిముద్రల ద్వారా గుర్తుంచుకోవాలని వారు కోరుకోలేదు.

ఏ పుస్తకానికీ ఎక్కని బిడ్డ

ఉద్యమ కాలంలో తంబి నాయుడు పదికి పైగా సార్లు చెరసాలకు వెళ్ళారు. వ్యాపారం చితికిపోయింది. భార్య వీరమ్మాళ్ ఇంటి భారమంతా మోశారు. 1908 వేసవి నాటికి, దక్షిణాఫ్రికాలో అది చలికాలం, ఆమె నిండు గర్భిణి. అనుమతి పత్రం లేకుండా వీధిలో సరుకు అమ్మారన్న నేరం మీద భర్త మళ్ళీ చెరకు వెళ్ళిన వెంటనే ఆమెకు ప్రసవమై మృతశిశువు జన్మించింది. గాంధీ ఈ వార్త విని కలత చెందారు.

ఆ బిడ్డకు పేరు లేదు. వంశవృక్షం గీసేవారి కొమ్మలలో ఆ బిడ్డకు చోటు ఉండదు. కానీ ఆ కుటుంబం చెల్లించిన మూల్యాన్ని ఆ బిడ్డను విడిచి లెక్కించలేము. మన ఇళ్ళలోనూ ఓడలో పుట్టి ఓడలోనే పోయినవారు, తోట బరాకులో పేరు పెట్టకముందే పోయినవారు ఉన్నారు. వంశవృక్షంలో ఒక ఖాళీ గీత గీసి అయినా వారికి చోటు ఇవ్వడం మన ధర్మం.

1910లో హెర్మన్ కాలెన్‌బాక్ అనే మిత్రుడు జొహానెస్‌బర్గుకు సుమారు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న తన 1,100 ఎకరాల భూమిని ఉద్యమ కుటుంబాల కోసం ఇచ్చారు. అదే టాల్‌స్టాయ్ క్షేత్రం. అక్కడి పనులలో తంబి నాయుడు చేయి ఉంది. రాళ్ళు కొట్టడానికీ మూటలు మోయడానికీ ఆయన సిగ్గుపడలేదని, పనిలో పగలూ రాత్రీ తేడా చూడలేదని గాంధీ రాశారు. ముక్కోపం ఒక్కటే లేకపోతే ట్రాన్స్‌వాల్ భారతీయులందరికీ ఆయనే నాయకుడయ్యేవారని కూడా దాచకుండా చెప్పారు. పూర్వికులను దేవుళ్ళుగా మలచవలసిన పని లేదు. మనుషులుగా చూస్తేనే వారు మనకు దగ్గరవుతారు.

పెళ్ళికి పత్రం అడిగిన న్యాయస్థానం

1913 మార్చిలో కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. బహుభార్యత్వానికి చోటిచ్చే మతాచారం ప్రకారం జరిగిన వివాహాన్ని చట్టం గుర్తించదన్నది దాని సారాంశం. క్రైస్తవ పద్ధతిలో జరగని, అధికారి వద్ద నమోదు కాని భారతీయుల పెళ్ళిళ్ళన్నీ దీనితో సందేహంలో పడ్డాయి. మంగళసూత్రం కట్టిన భార్య చట్టం కంటికి భార్య కాకుండా పోయింది. బిడ్డలకు వారసత్వం ప్రశ్నార్థకమైంది. వంశవృక్షాన్ని వేరుతో పెకలించే తీర్పు అది.

అప్పుడు స్త్రీలు కదిలారు. జొహానెస్‌బర్గు నుండి బయలుదేరిన పదకొండు మంది స్త్రీలలో వీరమ్మాళ్ ఒకరు. చాలామంది తమిళ కుటుంబాలవారు. కొందరి చంకలో పసిపిల్లలున్నారు. తంబి నాయుడు వారితో కలిసి నాటాలులోని న్యూకాజిల్ బొగ్గు గనుల వద్దకు వెళ్ళారు. అక్కడ తమిళం, తెలుగు, హిందీ మాట్లాడే కూలీలు పనిచేస్తున్నారు. గిర్మిటు ముగిసిన తరువాత స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలన్న నియమం వారిని పీడిస్తున్నది. అక్టోబరు నడుమ గనులలో సమ్మె మొదలైంది. స్త్రీలకు మూడు నెలల కఠిన శిక్ష పడి, పీటర్‌మారిట్జ్‌బర్గు చెరసాలకు పంపారు. నవంబరు 6న గాంధీ వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు.

1914లో వచ్చిన చట్టం మూడు పౌండ్ల పన్నును తొలగించి, మన వివాహాలకు గుర్తింపు ఇచ్చింది. కనుక ఆ తరువాతి కాలపు వివాహ పత్రం ఏదైనా మీ చేతికి వస్తే ఒక్క క్షణం ఆగండి. దాని వెనుక వీరమ్మాళ్ వంటి స్త్రీల చెరసాల రోజులున్నాయి.

నలుగురు కొడుకులు

1914 జూలైలో గాంధీ దక్షిణాఫ్రికాను విడిచి వెళుతున్నప్పుడు జొహానెస్‌బర్గులో వీడ్కోలు సభలు జరిగాయి. తంబి నాయుడు, వీరమ్మాళ్ తమ నలుగురు కొడుకులను ఆయనకు అప్పగించారు. ధనం లేని ఇంట ఇవ్వదగినవి ఆ బిడ్డలే. ఆంగ్ల పత్రాలలో వారి పేర్లు నరన్‌సామి, బరసారథి, బాలభారతి, పకిరిసామి. మనం కొంచెం చెవి ఒగ్గితే మొదటి పేరులో నారాయణస్వామి, రెండవ పేరులో పార్థసారథి వినిపిస్తారు. పాత పత్రంలోని పేరును కంటితో కాక నోటితో చదవాలనడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఆ పిల్లలు భారతదేశం చేరి శాంతినికేతనంలో, తరువాత గాంధీ ఆశ్రమంలో పెరిగారు. తల్లిదండ్రుల మాతృదేశం వారికి కొత్త దేశమే. పకిరిసామి భారతదేశంలోనే కన్నుమూశాడు. అక్కడి మట్టిలో కలిసిన ఆ బిడ్డ కోసం దక్షిణాఫ్రికా పత్రాలు మాత్రమే వెతికితే దారి సగంలోనే ఆగిపోతుంది.

తంబి నాయుడు 1933లో జొహానెస్‌బర్గులో మరణించారు. భారతదేశం నుండి తిరిగి వచ్చిన నరన్‌సామి, రాయ్ నాయుడుగా పేరు పొంది, కార్మిక సంఘాలలో, ట్రాన్స్‌వాల్ ఇండియన్ కాంగ్రెసులో పనిచేశారు. 1946లో భూమి హక్కులను హరించిన చట్టంపై సాత్వికోద్యమం సాగినప్పుడు ఆయన, ఆయన సోదరి తాయనాయగి పిళ్ళై చెరకు వెళ్ళారు. సోదరి పేరు చివర మారింది చూడండి. ఆడబిడ్డల దారి పట్టుకోకపోతే వంశంలో సగం కనపడదు. రాయ్ భార్య, అందరూ అమా అని పిలిచిన మనోన్మణి, వర్ణవివక్ష పోరాటంలో నిలిచారు. వారి కుమార్తె శాంతి 1969లో నిర్బంధంలో ఉండి కూడా విన్నీ మండేలాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనన్నారు. కుమారుడు ఇంద్రేస్ 1963లో పట్టుబడి రాబెన్ దీవిలో పదేళ్ళు గడిపారు.

తాత చెరసాల రికార్డులో, తండ్రి చెరసాల రికార్డులో, మనుమడు చెరసాల రికార్డులో! మూడు తరాలను కలిపి కుట్టిన దారం అది. అధికారులు నేరాల చిట్టాగా రాసుకున్న పుస్తకాలు ఈ కుటుంబానికి వంశావళిగా మిగిలాయి.

మనం చేయవలసినది

ఈ కథ చదివాక మీ సొంత వెతుకులాటను కొత్త కంటితో చూడండి. దొరికిన ప్రతి పత్రాన్నీ రెండుసార్లు చదవండి. మొదటిసారి అందులో ఉన్నది ఏమిటో చూడండి. రెండవసారి అందులో లేనిది ఏమిటో అడగండి. కులం గడి ఉంది, ఇంటి భాషకు గడి లేదు. తండ్రి పేరు ఉంది, తల్లి పేరు లేదు. జిల్లా పేరునూ ఆనాటి సరిహద్దులతోనే చూడాలి. ఉత్తర ఆర్కాటు అని ఉంటే తమిళ ప్రాంతమని వదిలేయకండి. 1911లో వేరు జిల్లా అయ్యేదాకా చిత్తూరు ప్రాంతం అందులో భాగమే. విశాఖపట్నం, గంజాం, గోదావరి అని ఉంటే కోస్తా ఊర్ల పాత పేర్లతో సరిపోల్చండి. ఇంట్లో పెద్దలు ఇంకా ఉంటే, వారి మాటను ఈ రోజే రాసిపెట్టుకోండి. పత్రం వేచి ఉంటుంది, పెద్దలు ఉండరు.

వలస ఆనాటితో ముగిసిన కథ కూడా కాదు. నేడు బహ్రెయిన్‌లోని మామీర్ వంటి పారిశ్రామిక ప్రాంతాలకు బతుకుతెరువు కోసం వెళ్ళినవారి జేబులోనూ ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. దానిమీద పేరు, సంఖ్య, ఫోటో ఉంటాయి. ఆ మనిషి పాడుకునే పాట ఉండదు, ఇంటికి పంపిన డబ్బుతో చదువుకున్న చెల్లెలి పేరు ఉండదు. నూరేళ్ళ తరువాత అతని మునిమనుమరాలు ఆ కార్డును పట్టుకుని మనలాగే వెతకవచ్చు. ఆమెకు కార్డుతో పాటు కథ కూడా దొరకాలంటే ఇప్పుడే ఎవరో ఒకరు రాయాలి.

తంబి నాయుడుకు తెలుగు అక్షరాలు రాలేదు. మనం వాటిని దిద్దుతున్నాం. ఆ అక్షరాలతో మొదట రాయవలసినవి మన ఇంటి పేర్లే: అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు. ఎవరూ మన వేలిముద్ర అడగకుండా, మన ఇష్టంతో, మన చేతితో రాసుకునే నమోదు పత్రం అదే.